తేదీ పఠనము: శాసన పద్ధతియు కంప్యూటరు పద్ధతియు

వ్రాతలోని తేదీ వేఱు, కాలములోని దినము వేఱు. మొదటిది అక్షరములయు అంకెలయు కూర్పు. రెండవది ఉదయించి అస్తమించి గడచిపోయిన ఒకానొక దినము. మొదటిదానినుండి రెండవదానిని సాధించుట సులభమని తోచును. కాని ఆ సాధనకు వలసిన నియమము సాధారణముగా వ్రాతలో కనబడదు. వ్రాసినవానికి అది తెలిసియుండును, చదువువాడు కనుగొనవలయును. రాతిమీది పంక్తిని చదివి క్రీస్తుశకపు దినమును నిర్ణయించు శాసన పరిశోధకుని పనియు, పత్రములోని తేదీని చదివించి కాలవిలువగా మార్పించు ప్రోగ్రాము రచయిత పనియు ఈ విషయమున ఒక్కటే. శాసనముల పాఠములును, పాత గ్రామ లెక్కలును కంప్యూటరులోనికి చేరుచున్న ఈ కాలమున ఆ రెండు పనులు ఒకే చేతిమీదుగా జరుగవలసి వచ్చుచున్నది. మార్కాపురము, గిద్దలూరు, త్రిపురాంతకము ప్రాంతములకు సంబంధించిన తేదీలను ఉదాహరణములుగా గైకొని, ఇందు తప్పు పుట్టు తావులను, తప్పును పట్టు ఉపాయములను వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట కంప్యూటరు పద్ధతిని చూతము. 1970వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రముగా ఒక క్రొత్త జిల్లా ఏర్పడెను. అంతవరకు కర్నూలు జిల్లాలోనుండిన మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చెను. ఆ దినమును మనము 2-2-1970 అని వ్రాయుదుము. మన కంటికిది తేదీయే. కంప్యూటరునకు మాత్రము ఎనిమిది గుర్తుల వరుస. ఇట్టి వరుసను అక్షరపంక్తి యనవచ్చును. ఆ వృత్తిలోనివారు స్ట్రింగ్ అందురు. అక్షరపంక్తిని మఱొక దానితో పోల్చవచ్చును, అతుకవచ్చును, విఱువవచ్చును. కాని దానికి నూఱు దినములు కూడుటకు వీలులేదు, అది యే వారమో అడుగుటకు వీలులేదు. కూడిక, తీసివేత, వారనిర్ణయము కావలెనన్నచో పంక్తిని సంఖ్యగా మార్చవలయును.

ఆ సంఖ్యకు ఒక మొదలు కావలెను. యూనిక్సు సంప్రదాయమును అనుసరించు యంత్రములన్నిటికిని ఆ మొదలు 1970 జనవరి 1వ తేదీ, గ్రీనిచ్ కాలమానమున అర్ధరాత్రి. మన జిల్లా పుట్టినది ఆ మొదటికి 32 దినముల తరువాత. ఆ మొదటి దినము గురువారము. 32ను 7చే భాగింప 4 శేషించును. గురువారమునుండి నాలుగు దినములు నడచిన సోమవారము వచ్చును. 1970 ఫిబ్రవరి 2 సోమవారమే. సెకనులలో చెప్పవలెనన్నచో ఇచ్చట ఒక మెలిక గలదు. ఆ దినము అర్ధరాత్రి మనకు మొదలగునప్పటికి గ్రీనిచ్‌లో ఫిబ్రవరి 1వ తేదీ సాయంకాలము 6 గంటల 30 నిమిషములు. కావున మన దినారంభపు విలువ 27,45,000 సెకనులు. కాలమండలమును చెప్పక మార్చినచో 27,64,800 వచ్చును. ఈ రెంటికి నడుమనున్న 19,800 సెకనులు అయిదున్నర గంటలే. కొన్ని పట్టికలలో పుట్టినదినములు ఒక దినము వెనుకకు జరిగి కనబడుటకు తఱచుగా ఈ అయిదున్నర గంటలే హేతువు.

పఠనమునకు ముందు రూపము తెలియవలెను. 2-2-1970 లో దినమును నెలయు సమానములగుట అదృష్టము. 3-4-1970 అని యున్నచో మన దేశమున అది ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిని అనుసరించు ప్రోగ్రామునకు మార్చి 4. అదే ప్రోగ్రామునకు 13-4-1970 ఇచ్చినచో, పదుమూడవ నెల లేదు గనుక, అది ఒప్పుకొనదు. లేదా తనంతట తాను వరుసను తారుమారు చేసికొనును. నిరాకరించినచో మేలే, తప్పు బయటపడును. తారుమారు చేసికొన్నచో ఒకే పట్టికలో కొన్ని తేదీలు ఒక నియమమునను, కొన్ని మఱొక నియమమునను చదువబడును. ఈ బాధను తప్పించుటకే 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము సంవత్సరము, నెల, దినము అను వరుసను నిర్ణయించెను. ఆ ప్రకారము మన దినము 1970-02-02.

సంవత్సరమును రెండంకెలతో కుదించుట ఇంకను ప్రమాదకరము. 15-8-47 అను వ్రాతను చూచిన ఏ భారతీయుడును తడబడడు. కాని సి, పైథాన్ భాషలలో వాడుకనున్న నియమము ప్రకారము 69 మొదలు 99 వఱకు గల అంకెలు 1900లకును, 00 మొదలు 68 వఱకు గలవి 2000లకును చెందును. కావున అది 2047 అగును. ఎక్సెల్ పట్టికలో సాధారణముగా 29 వఱకే 2000లు. అచ్చట అదే పంక్తి 1947 అగును. పంక్తి ఒక్కటే, దినములు రెండు, నడుమ నూఱు సంవత్సరములు. ఇందు ఏ యంత్రమును లెక్క తప్పలేదు. వ్రాతలో లేని శతాబ్దిని ప్రతి యంత్రమును తన ఊహతో పూరించినది.

మన పెద్దలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. ప్రభవాది అక్షయాంతముగా సాగు అఱువది సంవత్సరముల చక్రము ఇట్టిదే. విరోధి అని మాత్రము వ్రాసినచో అది 1289 కావచ్చును, 1349 కావచ్చును, 1949 కావచ్చును, 2009 కావచ్చును. రెండంకెల వ్రాతలో నూఱేండ్ల సందేహము. పేరు వ్రాతలో అఱువదేండ్ల సందేహము. అందుచేతనే శాసన రచయితలు పేరుతో తృప్తిపడక శకవర్షసంఖ్యను, మాసమును, పక్షమును, తిథిని, వారమును చేర్చుచుండిరి. ఒక్కొక్కప్పుడు గ్రహణమో సంక్రాంతియో కూడ చేరును. ఇవి దానమునకు పుణ్యకాలమును తెలుపుటకే చేరినను, పరిశోధకునకు వీనివలన మఱొక ప్రయోజనము గలదు. ఒకటి తప్పిన దానిని మఱొకటి పట్టి చూపును.

ఈ లెక్క చాల సులభము. గతశకవర్షమునకు 12 కూడి 60చే భాగింపగా వచ్చు శేషమే సంవత్సరముయొక్క వరుససంఖ్య. శేషము సున్న యైనచో అక్షయ. శకము 1211నకు 12 కూడిన 1223, శేషము 23, ప్రభవనుండి ఇరువదిమూడవది విరోధి. శకము 1212నకు వికృతి. క్రీస్తుశకమునకు మార్చుటకు ఉగాదినుండి డిసెంబరు వఱకు 78, జనవరినుండి మఱుసటి ఉగాది వఱకు 79 కూడవలయును. పుష్యమాసము డిసెంబరు జనవరుల సంధిని నడచును గనుక, ఆ మాసపు తేదీలలో ఒక సంవత్సరపు పొరపాటు సులభముగా దొరలును. శాసనమున పేర్కొన్న శకవర్షము గతమా వర్తమానమా అను సందేహము మఱొక సంవత్సరపు తేడాను తెచ్చును. ఈ రెంటిని సంవత్సర నామము తీర్చగలదు.

శకసంఖ్యను అంకెలతో కాక మాటలతో చెప్పు భూతసంఖ్యా పద్ధతి ఇంకొక మెట్టు. చంద్రుడు 1, నేత్రములు 2, అగ్నులు 3, వేదములు 4, బాణములు 5, ఋతువులు 6, మునులు 7, గజములు 8, నిధులు 9, ఆకాశము 0. అంకెలు కుడినుండి ఎడమకు నడచునని నియమము. అనగా మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానమునకు చెందును. ఉదాహరణమునకు శశి, భూ, నేత్ర, చంద్ర అను మాటల వరుసను మనమే కూర్చుకొందము. నియమము ప్రకారము అది 1211. నియమమెఱుగక ఎడమనుండి చదివినచో 1121. ఈ తప్పు గమనింపదగినది. 1121కి సరియగు క్రీస్తుశకము 1199; అది గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చిన కాలము. కాకతీయుల కాలములోనే పడుచున్నది గనుక చదువరికి సందేహమే కలుగదు. తొంబది సంవత్సరముల తప్పు నిశ్శబ్దముగా సత్యమైపోవును. నేత్ర, భూ, పక్ష, శశి అను మఱొక వరుసను అట్లే చదివినచో 1212 మాఱి 2121 అగును. అది ఇంకను రాని కాలము గనుక వెంటనే పట్టుబడును. నోరుగల తప్పుకన్న నోరులేని తప్పు ప్రమాదకరము.

నోరులేని ఆ తప్పును పట్టునది సంవత్సర నామము. 1121నకు 12 కూడి లెక్కించిన శేషము 53, అనగా సిద్ధార్థి. శాసనమున విరోధి యున్నచో పఠనము తప్పని తేలును. మాటల అర్థములలోని సందిగ్ధతయు ఇట్లే తీఱును. సముద్రము నాలుగు కావచ్చును, ఏడు కావచ్చును. రసము ఆఱు కావచ్చును, తొమ్మిది కావచ్చును. రుద్రుడు పదునొకండు గనుక ఒక్క మాటయే రెండు స్థానములను ఆక్రమించును. రుద్ర, నేత్ర, చంద్ర అను మూడు మాటలును 1211 అగును. కావున మాటకొక అంకె చొప్పున చదువు ప్రోగ్రాము ఇచ్చట పనికిరాదు. సాధ్యములగు అర్థములన్నిటిని ఏర్పఱచి, సంవత్సర నామముతో పొసగనివానిని తొలగించు ప్రోగ్రాము కావలయును. ఐనను నామమునకు ఒక హద్దు గలదు. రాయి చిట్లి పదుల అంకె పోయినచో 1211నకును 1271నకును విరోధియే వచ్చును. అఱువది సంవత్సరముల తేడాను నామము పట్టజాలదు; అచ్చట వారతిథులను ఆశ్రయింపవలయును.

ఈ లెక్కలమీద ఎంత చరిత్ర నిలిచియున్నదో త్రిపురాంతకమే సాక్ష్యము. శ్రీశైలమునకు తూర్పు ద్వారముగా ప్రసిద్ధికెక్కిన ఆ క్షేత్రమున కాకతీయుల కాలపు శాసనములు పెక్కు గలవు. కాయస్థ నాయకుడగు అంబదేవుని విజయములను చెప్పు శాసనము అందొకటి. దాని కాలము శకవర్షము 1212, క్రీ.శ. 1290. పూర్వము చరిత్రకారులు రుద్రమదేవి పాలన 1295 ప్రాంతము వఱకు సాగెనని తలచిరి. అట్లైనచో అంబదేవుడు ఈ శాసనమును వేయించునాటికి ఆమె జీవించియే యుండెననవలయును. నల్లగొండ ప్రాంతములోని చందుపట్ల శాసనము వెలుగులోనికి వచ్చిన తరువాత ఈ అభిప్రాయము మాఱినది. శకవర్షము 1211, విరోధి, మార్గశిరము, అనగా 1289 నవంబరునాటి ఆ శాసనము రుద్రమదేవి మరణమును తెలుపుచున్నది. అంబదేవునితోడి యుద్ధముననే ఆమె మరణించియుండునని చరిత్రకారులు ఊహించుటకు ఈ రెండు శాసనముల కాలక్రమము ఆధారము. విరోధి ముందు, వికృతి వెనుక. ఒక్క అంకె, ఒక్క సంవత్సరము తారుమారైనచో ఆ కథ నిలువదు.

ఇట్టి తేదీని కంప్యూటరులో నిలుపునపుడు కనబడని గోతి ఇంకొకటి గలదు. 1582 అక్టోబరు 4వ తేదీ మఱునాడు 15వ తేదీగా లెక్కించి యూరపులో గ్రెగరీ పంచాంగమును ప్రవేశపెట్టిరి. బ్రిటిషు రాజ్యములలో ఆ మార్పు 1752లో జరిగెను. చరిత్రకారులు 1582నకు పూర్వపు దినములను పాత జూలియను పద్ధతిలో చెప్పుదురు. పైథాన్ మున్నగు భాషలలోని తేదీ సాధనములు గ్రెగరీ పద్ధతినే వెనుకకు పొడిగించును. జావాలోని పాత పంచాంగ సాధనము 1582లో పద్ధతిని మార్చుకొనును; క్రొత్త సాధనము మార్చుకొనదు. కావున 1289 నవంబరులోని ఒక దినమును చరిత్ర గ్రంథమునుండి తీసికొని యథాతథముగా పైథాన్ ప్రోగ్రామునకు అందించినచో, అది ఏడు దినములు ముందటి దినమును గ్రహించును.

వారముతో సరిచూచినచో ఈ తప్పు దొరకదా యని అడుగవచ్చును. దొరకదు. 1100 మార్చి మొదలు 1300 ఫిబ్రవరి వఱకు రెండు పద్ధతుల తేడా సరిగా ఏడు దినములు. ఏడు దినముల తేడాలో వారము మాఱదు. అనగా కాకతీయుల మహోన్నత కాలమంతయు వారపరీక్షకు అందని కాలము. 1300 మార్చినుండి తేడా ఎనిమిది దినములగుటచే వారము మరల పనికివచ్చును. అంతకు పూర్వపు శాసనములకు తిథియే శరణ్యము. ఏడు దినములు జరిగినచో ద్వాదశి పంచమి యగును. చంద్రుని గతిని లెక్కించు ప్రోగ్రాము దానిని వెంటనే పట్టగలదు. వారము చాలునని తిథిని వదలి పట్టిక తయారుచేయువారు, తెలియకయే తమ ఏకైక సాక్షిని వదలుచున్నారు.

తిథి దినమువంటిది కాదనియు గుర్తుంపవలయును. సూర్యోదయమునకు ఏ తిథి యున్నదో ఆ దినమునకు ఆ తిథి చెప్పుదురు. ఒక తిథి రెండు ఉదయములను తాకవచ్చును, ఒక ఉదయమునైనను తాకకపోవచ్చును. పందొమ్మిదేండ్లకు సుమారు ఏడు అధికమాసములు వచ్చును. మార్కాపురము సుమారు 79 డిగ్రీల 15 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నది. 82 డిగ్రీల 30 నిమిషముల రేఖననుసరించు భారత ప్రామాణిక కాలముకన్న స్థానిక కాలము 13 నిమిషములు వెనుక. తిథ్యంతము సూర్యోదయ సమీపమున పడినప్పుడు ఈ స్వల్పమైన తేడాయే దినమును మార్చగలదు.

రాతినుండి కాగితమునకు వచ్చినచో రైతు కెక్కువ పరిచితమైనది ఫసలీ. మదరాసు రాజధానిలోని రెవిన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1న మొదలై మఱుసటి జూన్ 30న ముగియుచుండెను. జూలైనుండి డిసెంబరు వఱకు ఫసలీకి 590, జనవరినుండి జూన్ వఱకు 591 కూడిన క్రీస్తుశకము వచ్చును. 1379 ఫసలీ 1969 జూలై 1న మొదలై 1970 జూన్ 30న ముగిసెను. జిల్లా మాఱిన ఫిబ్రవరి 2 దీని నడుమ పడినది. కావున ఆ ఫసలీకి చెందిన మార్కాపురము తాలూకా పత్రము మొదటి ఏడు నెలలలోనిదైనచో కర్నూలు జిల్లా క్రిందను, తరువాతిదైనచో ఒంగోలు జిల్లా క్రిందను వెదకవలయును. ఫసలీని 1970 అని ఒక్క సంఖ్యగా మార్చి, నెల తెలియదు గనుక జనవరి 1 అని యంత్రము పూరించినచో, భూమి పత్రమును వెదకు రైతును మనమే తప్పుదారి పట్టించినవారమగుదుము. ఫసలీ ఒక దినము కాదు, పండ్రెండు నెలల వ్యవధి. దానిని ఆద్యంతములు రెండును గల వ్యవధిగానే నిలుపవలయును.

ఒకే దినమునకు ఎన్ని వ్రాతలుండగలవో ఆ 1970 ఫిబ్రవరి 2వ తేదీయే చూపును. పంచాంగము ప్రకారము శకము 1891, సౌమ్య సంవత్సరము, పుష్య బహుళ పక్షము. 1957 మార్చి 22న అమలులోనికి వచ్చిన భారత జాతీయ పంచాంగము ప్రకారము శకము 1891, మాఘము 13. శకసంఖ్య ఒక్కటియే, మాసములు వేఱు. మాఘము అని మాత్రము చదివి చాంద్రమాసముగా లెక్కించిన ప్రోగ్రాము కొన్ని వారములు ముందునకు పోవును.

దీనినుండి తేలిన నియమములు కొన్నియే. మూల పంక్తిని ఎన్నడును చెఱుపరాదు. విలువ ప్రక్కన అదియు నిలువవలయును. ఏ నియమముతో చదివితిమో విలువతోపాటు వ్రాయవలయును: జూలియనా గ్రెగరీయా, గతశకమా వర్తమానమా, చాంద్రమా జాతీయమా, ఏ కాలమండలము. తెలిసినంతయే వ్రాయవలయును, సంవత్సరము మాత్రము తెలిసినచో దినమును కల్పింపరాదు. వ్రాతలో రెండవ సాక్షి యున్నచో సరిచూడవలయును. పొసగనిచో ప్రోగ్రాము ఆగి మనుష్యుని అడుగవలయును. తెలుగు అంకెలతో నున్న పంక్తిని కొన్ని కంప్యూటరు భాషలు నేరుగ సంఖ్యగా గ్రహించును, కొన్ని గ్రహింపవు; ముందుగా అంకెలను మార్చు వాక్యములను కోడులో చేర్చుట క్షేమము.

శాసన లేఖకుడు ఒక్క దినమును చెప్పుటకు అయిదాఱు గుర్తులను చెక్కించెను. రాతిపై ఉలితో ఒక్కొక్క అక్షరమును తొలుచుట శ్రమయని అతడు సంకోచింపలేదు. మనము వ్రాయుట సులభమైన కాలమున రెండంకెల సంవత్సరముతో తృప్తిపడుచున్నాము. ఏడువందల ఏండ్లు గడచినను త్రిపురాంతకపు తేదీని సరిచూడగలుగుచున్నామన్నచో అది ఆ అదనపు గుర్తుల ఫలమే. కోడు వ్రాయువారు ఆ లేఖకుని ఓర్పులో కొంతయైనను అలవఱచుకొన్నచో, నేటి పత్రములను రేపటివారు సందేహము లేక చదువుకొనగలరు.